పక్క సీటు పెద్దమ్మ

నిన్న జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు బస్సులో నా పక్కన ఒక పెద్దమ్మ కూర్చుంది. ఒళ్లో గుడ్డసంచి, అందులో నల్ల అట్ట బైబిలు.

"యాడికి పోతాండావు నాయనా?"

అయిపోయింది, ఇంక సువార్త మొదలు అనుకుని ఫోన్ తీసినా. (మాదీ చర్చికి పోయే ఇల్లే. అయినా తప్పించుకుంటా.) ఆమె మాత్రం ఎండల గురించి, శనక్కాయ ధర గురించి మాట్లాడింది. మా అమ్మకు మోకాళ్ల నొప్పులని నేనే చెప్పినా. "మీయమ్మ పేరేంది? ప్రార్థన చేస్తాలే" అనింది. పేరు రెండుసార్లు పలికి గుర్తుపెట్టుకునింది. అంతే.

మా వైపు సువార్త కొత్తదేం కాదు. లండన్ మిషనరీ సొసైటీ కడపకొచ్చింది 1822లో. తర్వాత జమ్మలమడుగులో వాళ్లు పెట్టిన క్యాంప్‌బెల్ ఆస్పత్రిలోనే మా అమ్మ పుట్టింది. దొరల ప్రసంగాల మాట మా అవ్వ నోట ఎప్పుడూ వినలేదు. కాన్పు రాత్రి తెల్లార్లూ చెయ్యి పట్టుకుని కూర్చున్న నర్సమ్మ గురించి మాత్రం చచ్చేదాకా చెప్పింది.

దిగేటప్పుడు పెద్దమ్మ గుప్పెడు ఉడకబెట్టిన శనక్కాయలు నా చేతిలో పోసింది.

ఇంటికి పోయి చెబితే అమ్మ అడిగింది: "ఆమె పేరు అడిగినావా?"

అడగలేదు.