సైకిలుకు కాస్త చోటు

పిల్లలూ! మాది అంగళ్లు. పేరు విని ఊరంతా దుకాణాలే కాబోలు అనుకోకండి! మదనపల్లెకు దగ్గరి ఊరు మాది. ఈ సీమ సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది. దారి పొడుగునా ఒక మిట్ట ఎక్కితే ఒక పల్లం దిగాలి. అయినా నేను ఎన్నో ఏళ్ళుగా పట్నానికి సైకిలు మీదనే పోయివస్తున్నాను. మిట్ట ఎక్కడం నాకేమీ కష్టం కాదు. పట్నం చేరాక సైకిలు ఎక్కడ పెట్టాలా అన్నదే కష్టం!

ఒకసారి పనిబడి ఒక ఆఫీసుకు వెళ్ళాను. దాని పేరెందుకు లెండి. అక్కడ కార్లకు రేకుల పందిరి ఉంది. మోటారుసైకిళ్ళకు గీతలు గీసిన చోటుంది. నేను సైకిలును గోడకు ఆనించబోయాను.

"ఇక్కడ పెట్టగూడదన్నా," అన్నాడు కాపలాదారు.

"మరెక్కడ పెట్టమంటావు?" అన్నాను.

ఆయన నాలుగు వైపులా చూసి నవ్వేశాడు. పాపం, చూపించేందుకు చోటంటూ ఉంటే గదా!

గేటు దగ్గర ఒక ముసలాయన తన సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "లోపలికి పోలేదేం తాతా?" అని అడిగాను.

"నేను లోపలికి పోతే సైకిలు ఎవరు చూస్తారు నాయనా? పాలు పోసి రావాలన్నా, గడ్డి తేవాలన్నా నాకు ఇదే ఆధారం," అన్నాడాయన.

చూశారా! ఆ ఆఫీసు తలుపు తెరిచే ఉంది. కాని ఆ తాతకు మాత్రం మూసినట్టే అయింది. ఆయన పని చూసుకుని వచ్చేదాకా రెండు సైకిళ్ళూ పట్టుకుని నేను గేటు దగ్గరే ఉన్నాను. ఆయన వచ్చాక నేను లోపలికి పోయాను. ప్రతిరోజూ ప్రతివాడికీ ఇట్లా కాపలా కాసేదెవరు?

ఒకప్పుడు మన ఊళ్ళలో సినిమాహాళ్ళవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. సైకిలు స్టాండులో ఒక చీటీ సైకిలుకు తగిలించి, అదే నంబరు చీటీ మన చేతికిచ్చేవాళ్ళు. లోపల కూచున్నవాడు నిశ్చింతగా బొమ్మ చూసేవాడు.

మంచి స్టాండు ఎట్లా ఉండాలో తెలుసా? సైకిలు చక్రాన్ని ఒకసారి పరిశీలించండి. సన్నని స్పోకులను బిగించి లాగడంవల్లనే దానికి అంత బలం. పైనుంచి పడే బరువును అది సులువుగా మోస్తుంది. పక్కనుంచి గట్టిగా తోస్తే మాత్రం వంగిపోతుంది. అందుకని ముందు చక్రాన్ని మాత్రమే సందులో పట్టి ఉంచే స్టాండు మంచిది కాదు. సైకిలు ఒరిగితే బరువంతా చక్రం మీద పక్కగా పడి రిమ్ము వంకరపోతుంది. గట్టి ఇనుపగొట్టాన్ని వంచి, రెండు కొసలూ నేలలో పాతితే చాలు. సైకిలు చట్రం దానికి ఆనుతుంది. చట్రాన్నీ, చక్రాన్నీ కలిపి గొట్టానికే తాళం వేసుకోవచ్చు. ఒక గొట్టానికి అటొకటి, ఇటొకటి రెండు సైకిళ్ళు నిలుస్తాయి.

పైన నీడ కూడా కావాలి. ఎండకు ట్యూబులోని గాలి వేడెక్కితే దాని ఒత్తిడి పెరుగుతుంది. ఏళ్ళ తరబడి ఎండలో ఉంటే టైరు రబ్బరు పగుళ్ళు బారుతుంది.

"అంత చోటెక్కడిది?" అనేవాళ్ళుంటారు. ఒక కారు నిలిచే చోట సుమారు పది సైకిళ్ళు పడతాయి! నెదర్లాండ్సు దేశంలో ఉట్రెక్ట్ అనే నగరం ఉంది. అక్కడి రైలుస్టేషను దగ్గర మూడంతస్తుల సైకిలుశాల కట్టారు. 2019లో అది పూర్తయింది. అందులో 12,500 సైకిళ్ళు పెట్టవచ్చు. మన బడికి అంతది అక్కరలేదు. పది గొట్టాలు, ఒక రేకుల పందిరి ఉంటే ఇరవై మందికి చాలు.

ఇది చిన్న విషయం కాదు. బీహారులో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చే పథకం పెట్టారు. దానివల్ల హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య సుమారు 30 శాతం పెరిగిందని ఆర్థికశాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. మన రాష్ట్రంలోనూ "బడికొస్తా" అనే పేరుతో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్ళు పంచింది. అట్లాంటి సైకిలు బడి గేటు దగ్గర పోయిందనుకోండి. మర్నాటినుంచి ఆ పిల్ల బడికి ఎట్లా వస్తుంది?

మీరొక పని చెయ్యండి. ఒక వారంపాటు రోజూ ఒకే వేళకు మీ బడి దగ్గర, గ్రంథాలయం దగ్గర, ఆస్పత్రి దగ్గర ఎన్ని సైకిళ్ళున్నాయో లెక్కపెట్టండి. తాళం వేసేందుకు వీలున్నవెన్ని, నీడలో ఉన్నవెన్ని, గోడకు ఆనించినవెన్ని అని వేరువేరుగా రాసుకోండి. ఒక సైకిలు పొడుగూ, వెడల్పూ టేపుతో కొలవండి. ఎంత చోటు కావాలో లెక్కవేసి బొమ్మ గీయండి. ఆ కాగితం మీ హెడ్మాస్టరు గారికివ్వండి. అమ్మానాన్నలకు కూడా చూపించి, పంచాయతీ ఆఫీసుకు అందజెయ్యమనండి. వట్టి ఫిర్యాదును పక్కన పెట్టెయ్యడం సులువు. లెక్కా, బొమ్మా ఉన్న కాగితాన్ని అంత సులువుగా పక్కన పెట్టలేరు!