చిగుళ్ల చాటున సందడి

మీ చిగుళ్లకి ఏ జబ్బూ లేదనుకోండి. నొప్పి లేదు, నెత్తురు లేదు, లేతగులాబి రంగులో నిగనిగలాడుతున్నాయి. అక్కడేముంది చూడ్డానికి అంటారా? మైక్రోస్కోపులోకి ఓసారి తొంగిచూడండి, మీకే తెలుస్తుంది!

పంటిని కరుచుకుని ఉండే చిగురు పొరలో కణాల మధ్య సందులు కాస్త వెడల్పు. ఆ సందుల్లోంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు రేయింబవళ్లు బయటికి వస్తూనే ఉంటాయి. వచ్చినవి లాలాజలంలో కలిసిపోవడమే, మళ్లీ ఇంటికి పోయేది లేదు. వాటి కేంద్రకం గుండ్రంగా ఉండదు. మూడు నుంచి అయిదు ముక్కలు, మధ్యలో సన్నటి పోగులు. ఇరుకులో దూరాలంటే ఒకే గట్టి ముద్దకన్నా ఇదే నయం కదా! చుట్టూ ఉన్న సన్నటి రేణువుల్లో సూక్ష్మజీవుల్ని చంపే సరుకు.

పాచి పేరుకుంటే ఈ గుంపు పెరుగుతుంది. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హరాల్డ్ లోయె అనే ఆయన బృందం 12 మంది చేత పళ్లు తోముకోవడం మాన్పించింది. (ఆ రోజుల్లో వాళ్ల పక్కన కూర్చున్నవాళ్ల సంగతి ఎవరూ రాయలేదు లెండి.) 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకుంటే వారంలో మామూలయ్యాయి.

వాపు అలాగే పాతబడితే ప్లాస్మా కణాలు కమ్ముకుంటాయి. కేంద్రకం ఓ పక్కకి ఒదిగి, గడియారం ముఖంలా మచ్చలతో కనిపిస్తుంది. మిగతా చోటంతా యాంటీబాడీలు తయారయ్యే ముడతల పొరలే.

నాకు మాత్రం ముద్దొచ్చేది లాంగర్‌హాన్స్ కణం. చేతులు చాచుకుని పైపొరలో కాపలా కాస్తుంటుంది. 1868లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్యవిద్యార్థి చర్మానికి బంగారు లవణంతో రంగెక్కించి దీన్ని చూశాడు. ఆ చేతులు చూసి నాడీకణం అనుకున్నాడు, పాపం! 1961లో మైకేల్ బర్బెక్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే కణం లోపల చిన్నచిన్న కడ్డీలు కనిపించాయి, కొన్నింటికి ఓ కొస ఉబ్బి అచ్చం టెన్నిస్ రాకెట్టే. చిగురు పైపొరలోనూ ఈ కణాలున్నాయి.

ఆ లాంగర్‌హాన్సే, చర్మంలో ఈ కణాన్ని చూసిన మరుసటి ఏడు, క్లోమంలో కణాల దీవుల్ని చూశాడు. ఇన్సులిన్ పుట్టేది అక్కడే. షుగర్ అదుపు తప్పితే న్యూట్రోఫిల్స్ పని మందగిస్తుంది, చిగుళ్ల జబ్బు ముదురుతుంది. చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్ ఓ పట్టాన దిగదు. పళ్ల డాక్టరు నోరు తెరవమనేముందు “షుగరుందా అండీ?” అని అడిగేది అందుకే.