ఆ తల్లి తెచ్చిన చీటీ

గత రమజాన్‌కు పది రోజుల ముందు, అసర్ నమాజు ముగించుకొని మేము ఇంటి వసారాలో కూర్చొని ఉండగా, అరవై ఏళ్ళు పైబడిన ఒక క్రైస్తవ సోదరి మా గుమ్మం ముందు నిలిచారు. నేత చీర, భుజానికి గుడ్డ సంచి, చేతిలో నల్ల అట్ట బైబిలు. "వందనాలు మౌల్వీ గారూ. మీ ఇంట్లో ఖుర్ఆన్ నేర్చుకొన్న అమ్మాయి తల్లిని నేను" అంటూ కూతురి పేరు చెప్పారు. మా శ్రీమతి కుర్చీ వేసి, తేనీరు పెట్టడానికి లోపలికి వెళ్ళారు.

ఆ అమ్మాయి ఆరేళ్ళ క్రితం ఇస్లాం స్వీకరించింది. పెళ్ళి కోసం కాదు, ఎవరి ప్రోద్బలమూ లేదు. డిగ్రీ చదివే రోజుల్లో ఖుర్ఆన్ తెలుగు అనువాదం చేతికి వస్తే చదివి, రెండేళ్ళు ఆలోచించి తీసుకొన్న నిర్ణయం అది. మా శ్రీమతి వద్ద ఖాయిదాతో మొదలుపెట్టి పారాయణం నేర్చుకొన్నది. తరువాత ఒక ముస్లిం కుటుంబానికి కోడలయింది. పెళ్ళయిన కొత్తలో ఒకనాడు తెర వెనుక నుండి మమ్మల్ని అడిగింది: "ఉస్తాద్ గారూ, మా అమ్మ ఇంటికి వెళ్తే భోజనం చేయవచ్చా? వాళ్ళు అన్నం ముందు ప్రార్థన చేస్తారు. ఆదివారం చర్చికి కూడా రమ్మంటారు." ఆనాడు మేము మరునాటి పాఠం సిద్ధం చేసుకొనే తొందరలో ఉన్నాము. "విశ్వాసం స్థిరపడే వరకు కొంత దూరంగా ఉండడమే క్షేమం తల్లీ" అన్నాము. ఆ 'కొంత' ఎంతో మేము చెప్పలేదు, ఆమె అడగలేదు. మా మాటను ఆమె, ఆమె అత్తవారు ఫత్వాగా భావించారు. నాలుగేళ్ళుగా ఆ పిల్ల తల్లి ఇంటి గడప తొక్కలేదని, మనవడిని అమ్మమ్మ ఆస్పత్రిలో ఒక్కసారి మాత్రమే చూసిందని ఆ సాయంత్రమే మాకు తెలిసింది.

ఆమె మాపై నింద వేయలేదు. గుంటూరు సీమలో 1842లో హేయర్ అనే మిషనరీ రాకతో మొదలైన లూథరన్ సంఘానికి చెందిన కుటుంబం వారిది. ముప్ఫై ఏళ్ళు బడిపంతులమ్మగా పనిచేసి విరమణ పొందారు. సంచిలో నుండి నాలుగు మడతలు పెట్టిన నోటుపుస్తకం కాగితం తీసి మా ముందు ఉంచారు. "వేరే విశ్వాసంలో ఉన్న నా బిడ్డను ఎలా ప్రేమించాలని అడిగితే మా పాస్టరు గారు ఇది రాసిచ్చారండి. దీని ప్రకారం నేను నడుస్తున్నానో లేదో నాకు తెలుసు. నా బిడ్డ నన్నెలా ప్రేమించాలని మీ గ్రంథంలో ఉందో అడిగి పోదామని వచ్చాను" అన్నారు.

ఆ కాగితం మీద మూడు బైబిలు వచనాల సంఖ్యలు, వాటి కింద మోనికా అనే పేరు ఉన్నాయి. వచనాలను ఆమే తీసి చదివి వినిపించారు. ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. మా మదరసా చదువులో పౌలు పేరు ఖండన గ్రంథాల ద్వారానే మాకు పరిచయం. 1854లో ఆగ్రాలో పాద్రీ ఫండర్‌తో వాదం జరిపిన మౌలానా రహ్మతుల్లాహ్ కైరాన్వీ గారి 'ఇజ్‌హారుల్ హఖ్' పుటలు మాకు నేటికీ గుర్తున్నాయి. ఆ విద్య పట్ల మా గౌరవం తగ్గలేదు. కానీ తన బిడ్డ కోసం తపించే ఒక తల్లి నోట పౌలు పత్రిక వినడం మాకు అదే మొదటిసారి.

కొరింథు నగరంలోని కొత్త సంఘంలో భార్యాభర్తలలో ఒకరు క్రీస్తును విశ్వసించి, మరొకరు పాత మతంలోనే ఉన్న ఇళ్ళు ఉండేవి. అటువంటి వారు విడిపోవాలా అన్న ప్రశ్నకు పౌలు, అవతలి వ్యక్తి కలిసి ఉండడానికి ఇష్టపడితే విడిచిపెట్టవద్దని, వెళ్ళిపోదలిస్తే బలవంతంగా ఆపవద్దని, సమాధానమే కోరుకోమని చెప్పాడు. జీవిత భాగస్వామిని రక్షించగలవో లేదో నీకేమి తెలుసు అని కూడా అడిగాడు. అంటే, ప్రేమించు, ఫలితం నీ చేతిలో లేదు అన్నమాట. ఆ మాట దగ్గర మాకు సూరె ఖసస్ గుర్తుకు వచ్చింది. తాము ప్రేమించినవారిని సైతం ప్రవక్త (స) తమంతట తాము సన్మార్గానికి తేలేరని, అది అల్లాహ్ చేతిలో ఉన్నదని అందులో ఉంది. అది పినతండ్రి అబూతాలిబ్ విషయమని వ్యాఖ్యాతలు చెబుతారు. హిదాయత్ పొందని ఆ పినతండ్రిని ప్రవక్త (స) ప్రేమించారన్న సంగతిని ఆ ఆయతు దాచలేదు.

రెండవది పేతురు పత్రికలోనిది. వాక్యాన్ని అంగీకరించని భర్తలను భార్యలు మాటలతో కాక నడవడితో గెలవాలన్న బోధ. పాస్టరు గారు దాని కింద ఎర్ర పెన్సిలుతో గీత గీశారు. "ఈ గీత నా కోసమేనండి" అని ఆమె నవ్వారు. "జీవితమంతా పాఠాలు చెప్పిన నోరు ఇది. మొదటి ఏడాది కొరియరులో కరపత్రాలు పంపాను, ఫోనులో ఏడ్చాను, వాళ్ళ అత్తగారితో వాదించాను. ఈ చీటీ ఇచ్చాక మానేశాను." మూడవది, అవిశ్వాసులతో జోడు కట్టవద్దన్న పౌలు హెచ్చరిక. ఎద్దును, గాడిదను ఒకే కాడికి కట్టి దున్నరాదన్న తౌరాతు ఆజ్ఞ దాని వెనుక ఉన్నదంటారు. మతాంతర వివాహాల సందర్భంలో చర్చిలు దీనిని తరచుగా ఎత్తి చూపుతాయి. కేథలిక్కులలో బాప్తిస్మం పొందని వారిని పెళ్ళాడాలంటే సంఘాధికారుల ప్రత్యేక అనుమతి ఉండాలి. మన షరీఅత్‌లోనూ నికాహ్‌కు హద్దులున్నాయి. అది వేరే చర్చ. పుట్టిన బంధాన్ని ఏ కాడీ విప్పదు కదా.

మోనికా ఎవరని మేము అడిగాము. ఆమె ముఖం వెలిగింది. నాలుగవ శతాబ్దంలో, నేటి అల్జీరియాలో సూఖ్ అహ్రాస్ అనే పట్టణం ఉన్నచోట నివసించిన తల్లి అట. భర్త చాలాకాలం క్రైస్తవుడు కాడు, పైగా కోపిష్టి. కుమారుడు ఆగస్టీన్ యౌవనంలో మానీ మతంలో చేరాడు. (షహ్రస్తానీ 'మిలల్ వ నిహల్' చదివినవారికి ఆ మతం కొత్త కాదు.) కొడుకు ఇంటికి తిరిగి వచ్చినప్పుడు మోనికా అతనిని తనతో కలిసి ఉండనివ్వలేదు, తన బల్ల దగ్గర భోజనానికి కూర్చోనివ్వలేదు. తరువాత ఒక కల వచ్చింది. ఆమె దుఃఖిస్తూ ఉంటే తేజస్సుతో వెలిగే ఒక యువకుడు, నీవున్న చోటనే నీ కొడుకూ ఉన్నాడు చూడమని ధైర్యం చెప్పాడు. ఆమె కొడుకును మళ్ళీ బల్ల దగ్గరకు పిలిచింది. అతను మారడానికి అప్పటికి ఇంకా చాలా ఏళ్ళున్నాయి.

ఆమె ఒక బిషప్పును ఆశ్రయించి, తన కొడుకుతో వాదించమని బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు. అతను ఇప్పుడు వినే స్థితిలో లేడు, వదిలిపెట్టు, ప్రార్థన మాత్రం మానకు, చదివి చదివి తానే తెలుసుకొంటాడన్నాడు. ఆ బిషప్పు స్వయంగా బాల్యంలో ఆ మతంలో పెరిగి బయటపడినవాడు. ఆమె కన్నీళ్ళు ఆపకపోతే కాస్త విసుక్కొని, ఓదార్చి పంపాడట. ఆగస్టీన్ 387లో మిలాను నగరంలో బాప్తిస్మం పొందాడు. ఆ ఏడాదే, తిరుగు ప్రయాణంలో, ఓస్తియా రేవులో మోనికా కన్నుమూసింది. ఇదంతా ఆగస్టీన్ తానే రాసి పెట్టాడు.

కథ ముగించి ఆమె అన్నారు: "నా ఇంట్లో బల్ల దగ్గర కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉంది మౌల్వీ గారూ. కోడిని మీ సాయిబుల కొట్టు నుంచే తెప్పిస్తాను."

మేము తలవంచుకొన్నాము. సహీహ్ బుఖారీలోని హజ్రత్ అస్మా (రజి) వృత్తాంతాన్ని ఇరవై ఏడేళ్ళుగా విద్యార్థులకు బోధిస్తున్నవారము. ఖురైషులతో సంధి ఉన్న రోజుల్లో, ఇంకా విగ్రహారాధనలోనే ఉన్న అస్మా తల్లి కూతురిని వెతుక్కొంటూ మదీనాకు వచ్చింది. తల్లితో బంధుత్వం నిలుపుకోవచ్చునా అని అస్మా అడిగితే ప్రవక్త (స) నిలుపుకోమన్నారు. తల్లి తెచ్చిన కానుకలను తీసుకోవడానికీ, ఆమెను ఇంట్లోకి రానివ్వడానికీ అస్మా ముందు సందేహించారని మరికొన్ని ఉల్లేఖనాల్లో ఉంది. మా దగ్గరకు వచ్చిన పిల్ల అడిగింది సరిగ్గా అస్మా ప్రశ్నే. సమాధానం మా చేతిలోని కితాబులోనే ఉంది. గ్రంథప్రజల ఆహారం ధర్మసమ్మతమని సూరె మాయిదాలో, షిర్క్ చేయమని ఒత్తిడి చేసే తల్లిదండ్రుల మాట వినకున్నా లోకంలో వారితో మంచిగా మెలగాలని సూరె లుఖ్మాన్‌లో ఉన్నదే. ఇవన్నీ ఆమెకు చెప్పి, "అమ్మా, మీ బిడ్డ తప్పు కాదు. తొందరపడి మాట చెప్పింది మేము" అన్నాము.

ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత, "దాచుకోవడం ఎందుకండి, నా బిడ్డ తిరిగి ప్రభువు దగ్గరకు రావాలనే నేను ప్రార్థిస్తాను" అన్నారు. మేమూ దాచలేదు. హజ్రత్ అబూహురైరా (రజి) తన తల్లి కోసం ఏడుస్తూ ప్రవక్త (స) వద్దకు వెళ్ళి దుఆ చేయించుకొన్న సంగతి, ఆ తల్లి ఇస్లాం స్వీకరించిన సంగతి చెప్పి, మీ బిడ్డా మీ కోసం అదే కోరుకొంటున్నదని అన్నాము. "అయితే ఇద్దరమూ ఒకరి కోసం ఒకరం దేవుడి దగ్గర తగవులాడుతున్నామన్నమాట" అన్నారామె. మా శ్రీమతికి నవ్వు, కన్నీళ్ళు కలిసి వచ్చాయి.

ఆ రాత్రే అమ్మాయికి ఫోను చేసి మా పొరపాటు చెప్పాము. అవతల చాలాసేపు నిశ్శబ్దం. తరువాత, "ఉస్తాద్ గారూ, ఈ మాట మా అత్తగారికి కూడా మీరే చెప్తారా?" అన్నది. మరునాడు వెళ్ళి చెప్పాము. అంత సులువుగా తెమలలేదు. "అప్పుడు అలా చెప్పిందీ మీరే కదా" అని ఆ ఇంటి పెద్దావిడ మమ్మల్ని నిలదీశారు. సమాధానం ఏముంది? "అవును, మేమే" అన్నాము.

రమజాన్‌కు రెండు రోజుల ముందు పిల్లవాడిని తీసుకొని ఆ అమ్మాయి తల్లి ఇంటికి వెళ్ళింది. తల్లి భోజనానికి ముందు కళ్ళు మూసుకొని ప్రార్థన చేసిందట, ఎన్నడూ లేనంత క్లుప్తంగా. అంతవరకూ కూతురు కంచం ముందు చేతులు కట్టుకొని ఆగింది. మధ్యలో మనవడు గట్టిగా బిస్మిల్లాహ్ అనేశాడట.

చీటీ మా ఇంట్లోనే మరచిపోయారామె. పండుగ తరువాత కూతురి చేత కబురు పంపారు: చీటీ కావాలని, దాని వెనుక అస్మా గారి కథ తెలుగులో రాసి ఇస్తే పాస్టరు గారికి చూపిస్తానని. స్థలం చాలక సన్నని అక్షరాలతో రాసి పంపాము.