మూడు చుక్కలు

తెలుగులో ఆకాశంలో మెరిసేదీ చుక్కే, వాక్యం చివర పెట్టేదీ చుక్కే. అందుకని ‘స్టార్ డాట్ స్టార్’ అన్న గుర్తుని మా మావయ్య ‘మూడు చుక్కలు’ అంటాడు. కమాండ్ లైన్‌లో పనిచేసే బ్యాకప్ ప్రోగ్రాములకి ఫైళ్ళ పేర్లన్నీ ఏకరువు పెట్టే ఓపిక మనకి ఉండదు కాబట్టి ఈ గుర్తులు పుట్టాయి. స్టార్ ఉన్నచోట ఏ అక్షరాలైనా, ఎన్నైనా ఉండొచ్చని అర్థం. అయితే ఆ అర్థం ఎవరు చెప్తున్నారన్న దాన్నిబట్టి మారిపోతూ ఉంటుంది. చిక్కంతా అక్కడే.

మావయ్య తెనాలిలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. అమ్మమ్మ చేత పాడించి ఫోన్లో రికార్డు చేసిన పెళ్ళిపాటలూ దంపుళ్ళ పాటలూ లాప్‌టాప్‌లో ఫోల్డర్లుగా సర్దుకున్నాడు. రోజూ రాత్రి అన్నిటినీ ఒక ఆర్కైవ్‌గా కట్టి పెన్ డ్రైవ్‌లో పెట్టేలా తెలిసినవాళ్ళెవరో చిన్న బ్యాచ్ ఫైల్ రాసిచ్చారు. నాలుగేళ్ళు నడిచింది, ఒక్క ఎర్రర్ లేదు. ఈలోగా అమ్మమ్మ పోయింది. ఆ తర్వాత హార్డ్ డిస్కూ పోయింది. “అమ్మ గొంతు ఇందులో ఉందిరా, తీసిపెట్టు” అని పెన్ డ్రైవ్ నా చేతిలో పెట్టాడు. తెరిస్తే కరెంటు బిల్లులు, పెన్షన్ కాగితాలు. ఫోల్డర్ ఒక్కటీ లేదు.

డాస్ కాలంలో ఫైల్ పేరుకి 8 అక్షరాలు, ఎక్స్‌టెన్షన్‌కి 3. రెండిటినీ వేరువేరుగా దాచేవారు, మధ్యలో డాట్‌ని అసలు దాచేవారే కాదు. అందుకే అక్కడ మూడు చుక్కలంటే ‘అన్నీ’. విండోస్ కమాండ్ ప్రాంప్ట్ ఇప్పటికీ ఆ మర్యాద పాటిస్తుంది. కానీ విండోస్‌లో స్టార్‌ని విప్పుకోవడం ఏ ప్రోగ్రామ్‌కి ఆ ప్రోగ్రామ్ పని. మావయ్య వాడింది డాట్‌ని డాట్‌గానే చదివింది. పేరులో డాట్ ఉంటేనే లోపలికి రానిస్తుంది. ‘పాటలు’ అన్న ఫోల్డర్ పేరులో డాట్ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఈ సంగతి దాని మాన్యువల్‌లో రాసే ఉంది. ఒక్క స్టార్ పెడితే సరిపోయేది. రెండు చుక్కలు ఎక్కువయ్యాయి. బంధువుల ఫోన్లన్నీ వెతికితే ఆరు పాటలు దొరికాయి, అంతే.

యూనిక్స్ పద్ధతి వేరు. అక్కడ స్టార్‌ని విప్పేది షెల్. 1971లో బెల్ ల్యాబ్స్ వాళ్ళ తొలి యూనిక్స్‌లో దీనికోసం గ్లోబ్ అని విడిగా ఒక ప్రోగ్రామే ఉండేది. టార్ చేతికి అందేది విప్పేసిన జాబితా మాత్రమే. మామూలుగా డాట్‌తో మొదలయ్యే ఫైళ్ళు ఆ జాబితాలోకి రావు. ఏ ఫోల్డర్లో నిలబడి పిలిచామన్నదీ ముఖ్యమే. మనం పాటల ఫోల్డర్లో పరీక్షించిన కమాండ్‌ని రాత్రిపూట క్రాన్ హోమ్ ఫోల్డర్లో నిలబడి పిలుస్తుంది.

తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్ళకి ఇంకో తిరకాసుంది. క్వశ్చన్ మార్క్ అంటే ‘ఒక్క అక్షరం’. ‘అమ్మ’ మనకి రెండక్షరాలు. యూనికోడ్‌కి నాలుగు: అ, మ, పొల్లు, మళ్ళీ మ. యూటీఎఫ్-8లో అవే 12 బైట్లు. రెండు క్వశ్చన్ మార్కులు పెట్టి వెతికితే అమ్మ దొరకదు.

ఇన్ని తేడాలున్నా ఎర్రర్ ఎందుకు రాదంటే, అడిగినదానికి ఏదో ఒకటి దొరికింది కాబట్టి. బళ్ళో హాజరు పిలిస్తే రానివాడి పేరు కూడా గట్టిగా వినిపిస్తుంది. స్టార్ దగ్గర హాజరు పట్టీ లేదు. గుమ్మంలో కనిపించినవాళ్ళని లోపలికి పంపి తలుపేసేస్తుంది. పట్టీ మన దగ్గరే ఉండాలి. ఫోల్డర్లో ఎన్ని ఫైళ్ళున్నాయో, ఆర్కైవ్‌లో ఎన్ని ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూడాలి. లోపలున్నవాటి జాబితా చూపించే ఆప్షన్ టార్ లాంటి ప్రతి ఆర్కైవ్ ప్రోగ్రామ్‌లోనూ ఉంటుంది. తర్వాత ఒక ఫైల్‌ని వేరే ఫోల్డర్లోకి బయటికి తీసి తెరవాలి. పాటైతే చివరిదాకా వినాలి.