ఉట్నూరులో ఇప్పపువ్వు లడ్డూ

ఇప్పపువ్వు అనగానే మనలో చాలామందికి సారానే గుర్తొస్తుంది కదా! ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో మాత్రం అదే పువ్వుతో లడ్డూలు చుడుతున్నారు. భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం ఆడవాళ్లు ఐటీడీఏ సాయంతో మొదలుపెట్టిన పని ఇది. ఆశ్రమ పాఠశాలల పిల్లలకూ ఈ లడ్డూలు అందాయి. 2025 మార్చిలో ‘మన్ కీ బాత్’లో ప్రధాని ఆదిలాబాద్ ఇప్పపూల వంటకాల ముచ్చట చెప్పాక నా ఫోన్లోకీ వచ్చేశాయి.

నేను వెళ్లడానికి ఇంకో కారణం ఉంది. నా హిమోగ్లోబిన్ 9.4. డాక్టరు ఐరన్ మాత్రలు రాశారు. వాటితోపాటు తిండిలో ఏం మార్చుకోవచ్చో చూద్దామనుకున్నా. తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 100కి 57 మందికి పైగా రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. అంటే ఇది నా ఒక్కదాని గోడు కాదు.

కరీంనగర్ నుంచి జగిత్యాల, ధర్మపురి మీదుగా వెళ్లి, రాయపట్నం వంతెన మీద గోదావరి దాటితే లక్సెట్టిపేట. ఆ తర్వాత జన్నారం, అక్కడి నుంచి కవ్వాల్ అడవిలో రోడ్డు. మార్చి, ఏప్రిల్‌లో వెళ్తేనే పూలు కనిపిస్తాయి. టేకు ఆకులు రాలి అడవంతా బోసిగా ఉంటుంది. ఇప్పచెట్టు కింద మాత్రం తెల్లారేసరికి పూలు పరుచుకుని ఉంటాయి.

ఓ గోండు గూడెం పక్కన పొద్దు పొడవకముందే ఏరడానికి దిగాం. ద్రాక్షపండంత పూలు, లేత పసుపు రంగు, పట్టుకుంటే మెత్తగా, జిగటగా. ఒక్కొక్కటీ వంగి ఏరాలి. అరగంటకే నా నడుము పట్టేసింది, బుట్ట అడుగు కూడా నిండలేదు. “చెట్టెక్కి కొయ్యరా అమ్మా?” అంటే పెద్దమ్మ నవ్వింది. “కోస్తే కాయ ఏడికెల్లి వస్తది బిడ్డా? చెట్టు ఇడిసినంకనే తీసుకోవాలె.” ఆ కాయల గింజల నుంచే ఇప్పనూనె తీస్తారు మరి. ఏరడం సులువవుతుందని కొన్నిచోట్ల చెట్టు కింది ఆకులకు నిప్పు పెడతారు, అది అడవికి అంటుకుంటుంది. ఈ పెద్దమ్మ మాత్రం వాకిలి ఊడ్చినట్టు ముందురోజే ఊడ్చి పెట్టుకుంది.

ఎండితే పువ్వు కిస్‌మిస్‌లా గోధుమరంగుకు తిరుగుతుంది. దాన్ని శుభ్రం చేసి, వేయించి, పల్లీలు, నువ్వులు, బెల్లం కలిపి లడ్డూ చేస్తారు. వాసన కాస్త ఘాటే. మొదటి ముక్కకు ముక్కు ముడిచాను, రెండో లడ్డూ నేనే అడిగి తీసుకున్నా.

ఇది అద్భుత ఔషధం అంటూ ఎవరైనా వీడియో పెడితే నమ్మకండి. పువ్వులో ఎక్కువగా ఉండేది చక్కెర, అందుకే తినగానే ఓపిక వస్తుంది. ఐరన్‌కి నువ్వులూ తోడవుతాయి. కానీ రోజుకో లడ్డూతో 9.4 కాస్తా 12 అయిపోదు, మాత్రలు మానడానికి వీల్లేదు. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగే తినాలి. లడ్డూ చుడుతున్న అక్కని ఇదే అడిగితే, “మందని ఎవరు తింటరు? ఆకలైతదని తింటం” అంది.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర పెట్టారు, పక్కన నిమ్మచెక్క. నాకు లడ్డూ కన్నా ఈ పళ్లెమే ఎక్కువ నచ్చింది. ఆకుకూరలోని ఐరన్ ఒంటికి పట్టాలంటే నిమ్మకాయ లాంటి పులుపు సాయపడుతుంది. తిన్న వెంటనే తాగే టీ దానికి అడ్డుపడుతుంది. మన హాస్టళ్లలో, ఆఫీసుల్లో టిఫినూ టీ జంటగానే నడుస్తాయి కదా!

కరీంనగర్ వచ్చాక టీని టిఫిన్ అయిన గంటన్నరకు జరిపా. మాత్ర నిమ్మరసం నీళ్లతో వేసుకుంటున్నా. లడ్డూ డబ్బా సాయంత్రం ఆకలికి. వచ్చే నెల మళ్లీ రక్తపరీక్ష ఉంది.