పదకొండో నంబరు ఎంతకి పోయింది?

2021 మే నెలలో అట్లాంటాలో ఏ ఇద్దరు కలిసినా మాట అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు జూలియో జోన్స్ దగ్గరకే వచ్చేది. ఉంటాడా, పోతాడా? పోతే ఏ జట్టుకి, ఎంతకి? కోవిడ్ టీకాలు వేయించుకుని జనం ఒకరి ముఖం ఒకరు మళ్ళీ చూసుకుంటున్న రోజులవి. మంగలి షాపులో అదే చర్చ. పొద్దున్నే కారులో పెట్టుకునే స్పోర్ట్స్ రేడియోలో అదే చర్చ. కమ్మింగ్, ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్ వైపు పార్కుల్లో సాయంత్రం నడకకి వచ్చే తెలుగువాళ్ళ మధ్యా అదే. ఆ నెల 24న వ్యాఖ్యాత షానన్ షార్ప్ తన టీవీ కార్యక్రమం నడుస్తుండగానే జూలియోకి ఫోన్ కలిపాడు. అట్లాంటాలో తాను ఇక ఉండనని జూలియో తేల్చేశాడు. తన మాట దేశమంతా వింటోందని అతనికి తెలుసా లేదా అన్నది మళ్ళీ ఇంకో వాదన.

ఈ ఆట చూడని పాఠకుల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి తన దగ్గరున్న జట్టు పది గజాలు ముందుకి పోవడానికి నాలుగు అవకాశాలు ఉంటాయి. క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు. మైదానం అంచున నిలబడి, ఆట మొదలవగానే పరుగు తీసి, వెంటపడే డిఫెండర్‌ని తప్పించుకుని దాన్ని అందుకునేవాడు వైడ్ రిసీవర్. రెండు పాదాలూ గీత లోపల ఆనితేనే క్యాచ్ లెక్కలోకి వస్తుంది. ఐపీఎల్‌లో లాగా ఇక్కడ వేలం ఉండదు. యూనివర్సిటీల నుంచి వచ్చే కుర్రాళ్ళని జట్లు వరసలో ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. పేరున్న ఆటగాణ్ణి వేరే జట్టుకి ఇచ్చేసినప్పుడు (దీన్నే ట్రేడ్ అంటారు) బదులుగా వచ్చేవి ఎక్కువగా ఆ వరసలోని స్థానాలే: ఫలానా ఏడాది, ఫలానా రౌండ్ పిక్.

వైడ్ రిసీవర్ జూలియో కోసం 2011లో అట్లాంటా ఫాల్కన్స్ క్లీవ్‌లాండ్ జట్టుకి ఐదు పిక్‌లు ఇచ్చి ఆరో స్థానానికి ఎగబాకింది. వాటిలో రెండు ఫస్ట్ రౌండ్‌వి. అప్పట్లో చాలామంది అది దండగ అన్నారు. అలబామాలోని ఫోలీ నుంచి వచ్చిన ఆ కుర్రాడు ఆరడుగుల మూడంగుళాల మనిషి. అంత ఒళ్ళున్నవాడు అంత వేగంగా పరిగెత్తి, గాలిలోకి లేచి, వేళ్ళ చివరలతో బంతిని లాక్కుని మళ్ళీ గీత లోపలే దిగడం చూసినవాళ్ళు మర్చిపోలేరు. 2014 నుంచి 2019 దాకా వరసగా ఆరు సీజన్లు ఏటా క్యాచ్‌లతో 1,300 గజాలు దాటాడు. 2015లో ఒక్క సీజన్‌లోనే 1,871. అట్లాంటాలో పది సీజన్లు ఆడి 12,896 గజాలు సంపాదించాడు. ఆ క్లబ్బు చరిత్రలో అన్ని గజాలు అందుకున్నవాడు అప్పటిదాకా లేడు. ఊళ్ళో అతని పదకొండో నంబరు చొక్కా లేని వీధి ఉండేది కాదు. ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలు దీపావళి వేడుకకి కూడా పైజామా మీద ఆ చొక్కా వేసుకుని వచ్చేవాళ్ళు.

అలాంటివాడి ధర గురించి మాట్లాడుకునేటప్పుడు జనం ఎలా విడిపోతారో ఆ వేసవిలో చూశాను. మొదటివాళ్ళు లెక్కల మనుషులు. మనవాళ్ళలో ఈ పక్షమే పెద్దది. చాలామంది ఆఫీసు ఫాంటసీ లీగుల ద్వారా ఈ ఆటలోకి వచ్చినవాళ్ళు. గుంటూరు నుంచి వచ్చి మా వీధిలోనే స్థిరపడిన ఒక తమ్ముడు ఫోనులో అంకెలు తీసి చూపించేవాడు. "అన్నా, ప్రేమ సంగతి పక్కన పెట్టండి. వయసు 32. కిందటేడు తొడ కండరం పట్టేసి ఆడింది 9 మ్యాచ్‌లు. ఈ ఏడు ఇవ్వాల్సిన జీతం కోటీ 53 లక్షల డాలర్లు. మీ డబ్బయితే ఇస్తారా?"

అతని లెక్కలో తప్పులేదు. ఫాల్కన్స్ ఆడే లీగులో ప్రతి జట్టుకీ జీతాల మీద ఒక పరిమితి ఉంటుంది. కోవిడ్ దెబ్బకి 2021లో ఆ పరిమితి 19 కోట్ల 82 లక్షల డాలర్ల నుంచి 18 కోట్ల 25 లక్షలకి పడిపోయింది. కొత్తగా ఎంచుకున్న కుర్రాళ్ళతో సంతకాలు చేయించడానికి కూడా ఫాల్కన్స్ దగ్గర చోటు లేదు. దానికి తోడు ఇంకో మెలిక. ఆటగాడికి ముందే చేతికిచ్చేసిన బోనస్‌ని జట్టు పుస్తకాల్లో ఏళ్ళ మీద పరిచి రాసుకుంటారు. మధ్యలో అతను వెళ్ళిపోతే మిగిలిందంతా ఒక్కసారిగా మీద పడుతుంది. డెడ్ మనీ అంటారు దాన్ని. ఆడని మనిషి పేరు మీద మోసే బరువు. జూన్ 1 తర్వాత పంపిస్తే ఆ బరువుని రెండేళ్ళకి పంచుకోవచ్చు. అందుకే జూలియో ట్రేడ్ మే నెలంతా నలిగి నలిగి జూన్ 6న బయటపడింది. 2021 ఖాతాలో 77 లక్షల 50 వేలు, 2022 ఖాతాలో కోటీ 55 లక్షలు అతని పేరు మీద అలాగే మిగిలాయి.

రెండోవాళ్ళు జ్ఞాపకం గల మనుషులు. వీళ్ళలో పాత అట్లాంటా వాళ్ళు ఎక్కువ. ఈ జట్టు 1966 నుంచి ఆడుతోంది, లీగు విజేతని తేల్చే సూపర్ బౌల్ ఒక్కసారీ గెలవలేదు. తండ్రి చెయ్యి పట్టుకుని పాత ఫుల్టన్ కౌంటీ స్టేడియానికి వెళ్ళినవాళ్ళు, ఇప్పుడు మనవలతో కొత్త స్టేడియానికి వెళ్తున్నారు. వాళ్ళ దగ్గర జూలియో పేరెత్తితే మాట 2017 ఫిబ్రవరి 5కి వెళ్ళిపోతుంది. హ్యూస్టన్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ మీద సూపర్ బౌల్. ఒక దశలో 28-3 ఆధిక్యం. అది కరిగి 28-20 అయింది. ఆఖరి క్వార్టర్‌లో ఇంకా ఐదు నిమిషాల లోపే ఉంది. క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ రయన్ కుడివైపు అంచుకి బంతి వేశాడు. మీదే అతుక్కుని ఉన్న డిఫెండర్ తల మీదుగా జూలియో లేచి అందుకుని, పడిపోతూ పడిపోతూ రెండు కాళ్ళ వేళ్ళూ గీత లోపల ఆనించాడు. బంతి 22 గజాల గీత దగ్గర. అక్కడి నుంచి బంతిని తన్ని మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్ ఒకటి కొడితే ఆధిక్యం పదకొండు, ఆట దాదాపు ముగిసినట్టే. బంతి పట్టుకుని మూడుసార్లు నేల మీద పరిగెత్తినా సరిపోయేది. మళ్ళీ పాస్ వేయబోయారు. రయన్‌ని వెనక్కి పడగొట్టారు. ఆపైన పెనాల్టీ. ఫీల్డ్ గోల్ దూరం దాటిపోయింది. అదనపు సమయంలో 34-28తో ఓడిపోయారు. నేను చూసిన క్యాచుల్లో దాన్ని మించింది లేదు. అది ఓటమి మ్యాచ్‌లో ఉండిపోవడం వల్ల ప్రపంచం దాన్ని తగినంత తలుచుకోదు.

ఆ క్యాచ్ చూసినవాళ్ళకి జూలియోకి బదులు సెకండ్ రౌండ్ పిక్ అంటే అవమానంగా అనిపించింది. ఫస్ట్ రౌండ్ ఇస్తేగాని వదలకూడదని పట్టుబట్టారు. అభిమాని ధర కట్టేది జరిగిపోయిన పది సీజన్లకి. కొనేవాడు చూసేది రాబోయే 17 మ్యాచ్‌లని. ఇద్దరి బేరం కుదరదు.

రెండు పక్షాలూ పాత ఉదాహరణలు తీసేవి. రిసీవర్ ర్యాండీ మాస్ ఒక్కడే ఇద్దరికీ సాక్ష్యం. 2007లో ఓక్లాండ్ అతన్ని ఫోర్త్ రౌండ్ పిక్‌కి పేట్రియట్స్‌కి వదిలేసింది. ఆ సీజన్‌లో గోల్ గీత దాటించే టచ్‌డౌన్ క్యాచ్‌లు 23 పట్టాడు, అది రికార్డు. మూడేళ్ళ తర్వాత మిన్నెసోటా థర్డ్ రౌండ్ పిక్ ఇచ్చి అతన్నే వెనక్కి తెచ్చుకుంది. నాలుగు మ్యాచ్‌లకే సాగనంపింది. అట్లాంటా వాళ్ళు మర్చిపోకూడని పేరు ఇంకొకటి ఉంది: టోనీ గొంజాలెజ్. అతను టైట్ ఎండ్, వైడ్ రిసీవర్ కాడు. 2009లో 33 ఏళ్ళ వయసులో సెకండ్ రౌండ్ పిక్‌కే కాన్సస్ సిటీ నుంచి వచ్చి ఇక్కడ ఐదు సీజన్లు గొప్పగా ఆడాడు. ముసలివాడైన ఆటగాణ్ణి కొని లాభపడిన ఊరే, అమ్మే వంతు వచ్చేసరికి వణికింది.

ఈ రెండు పక్షాల మధ్య ఖమ్మం నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది, ఆసుపత్రిలో నర్సు. ఆదివారం డ్యూటీ లేకపోతే ఒక్క మ్యాచ్ వదలదు. "పదేళ్ళు ఒళ్ళు హూనం చేసుకున్నాడు. వెళ్తానని వాడే అడుగుతున్నాడు. వెళ్ళనివ్వండి, దీవించి పంపండి" అనేది. నాకు ఆ మాట నచ్చింది. జట్టు ఆటగాణ్ణి వదిలేస్తే వ్యాపారం అంటాం, ఆటగాడు జట్టుని వదిలితే ద్రోహం అంటాం. అది న్యాయం కాదు. గెలిచే జట్టు కావాలని కోరుకునే హక్కు జూలియోకి ఉంది.

చివరికి అతను టెనెసీ టైటన్స్‌కి వెళ్ళాడు. వచ్చినవి 2022 సెకండ్ రౌండ్ పిక్, 2023 ఫోర్త్ రౌండ్ పిక్. అట్లాంటా 2023 సిక్స్త్ రౌండ్ పిక్ ఒకటి తిరిగి ఇచ్చింది. టెనెసీలో ఏ.జె. బ్రౌన్ అనే కుర్ర రిసీవర్ జూలియోని ఆరాధిస్తూ పెరిగినవాడు. తన పదకొండో నంబరు ఇస్తానన్నాడు. జూలియో తీసుకోలేదు, రెండో నంబరు వేసుకున్నాడు. ఆ సీజన్‌లో 10 మ్యాచ్‌లు, 31 క్యాచ్‌లు, 434 గజాలు, ఒక్క టచ్‌డౌన్. మరుసటి మార్చిలో టైటన్స్ అతన్ని విడుదల చేసింది. కాళ్ళ విషయంలో లెక్కల మనుషులు చెప్పిందే నిజమైంది. మా గుంటూరు తమ్ముడు ఆ మాట నాకు గుర్తు చేయనక్కర్లేదు, నేనే ఒప్పుకుంటాను.

కానీ అన్ని రోజులు అంత కోపంగా వాదించుకున్న మేము అడగని ప్రశ్న ఒకటుంది. "ఎంత వస్తుంది?" అని అందరం అడిగాం. "ఎందుకు పంపుతున్నారు, తర్వాత ఏం చేయబోతున్నారు?" అని అడిగినవాళ్ళు బహు తక్కువ. ముదిరిన ఆటగాడి ట్రేడ్‌లో అసలు తూచవలసింది ఇదే అని నా నమ్మకం. ఇంటిని పడగొట్టి మళ్ళీ కట్టాలనుకున్న జట్టు పాతవాళ్ళందరినీ ఒకేసారి పంపుతుంది, కుర్రాళ్ళకి మైదానం అప్పగిస్తుంది. ఇప్పుడే గెలవాలనుకున్న జట్టు పంపదు. ఫాల్కన్స్ రెండు పడవల మీద కాళ్ళు పెట్టింది. 2021 మార్చిలోనే 35 ఏళ్ళ మ్యాట్ రయన్ ఒప్పందాన్ని తిరగరాసి, అతని బరువుని తర్వాతి ఏళ్ళకి నెట్టింది. డ్రాఫ్ట్‌లో నాలుగో స్థానంలో రయన్ వారసుణ్ణి వెతకలేదు, కైల్ పిట్స్ అనే టైట్ ఎండ్‌ని తీసుకుంది. అంటే గెలుద్దామనే. అదే వేసవిలో ఆ క్వార్టర్‌బ్యాక్‌కి పదేళ్ళుగా కుడిచెయ్యిలా ఉన్నవాణ్ణి పంపేసింది. మిగిలిన మంచి రిసీవర్ కాల్విన్ రిడ్లీ మానసిక ఆరోగ్యం చూసుకోవడానికి సీజన్ మధ్యలో ఆట నుంచి తప్పుకున్నాడు. ఒంటరిగా మిగిలిన రయన్‌ని 2022 మార్చిలో థర్డ్ రౌండ్ పిక్‌కి ఇండియానాపోలిస్‌కి పంపారు. అతని పేరు మీద మిగిలిన డెడ్ మనీ 4 కోట్ల 5 లక్షల డాలర్లు. అప్పటికి ఒక ఆటగాడి మీద అంత మోసిన జట్టు లేదు. జూలియో మీద ఆదా చేసిన కోటిన్నర గురించి అంత గొంతు చించుకున్న వేసవి ఒక్కసారిగా చిన్నదైపోయింది.

జూలియోకి బదులుగా వచ్చిన సెకండ్ రౌండ్ పిక్‌తో ట్రాయ్ ఆండర్సన్ అనే డిఫెన్స్ ఆటగాణ్ణి, లైన్‌బ్యాకర్‌ని తీసుకున్నారు. కష్టపడే కుర్రాడు, గాయాలు అతన్ని నిలవనివ్వలేదు. 2021, 2022, 2023 మూడు సీజన్లూ ఫాల్కన్స్ 7 గెలుపులు, 10 ఓటములతోనే ముగించింది.

ఇదేదో అట్లాంటా ఒక్కదాని జబ్బు కాదు. 2024 అక్టోబర్‌లో న్యూయార్క్ జెట్స్ కోచ్‌ని తీసేసి, వారం తిరిగేసరికి థర్డ్ రౌండ్ పిక్ ఇచ్చి రిసీవర్ దవాంటే ఆడమ్స్‌ని తెచ్చుకుంది. అప్పుడూ అభిమానులు పిక్ విలువ మీదే కొట్టుకున్నారు. సారథి లేని ఓడలోకి ఎంత గొప్పవాణ్ణి ఎక్కిస్తే ఏం లాభమని అడిగినవాళ్ళ గొంతు వినపడలేదు. ఆ సీజన్ 5-12తో ముగిసింది. మార్చిలో ఆడమ్స్‌ని వదిలేశారు.

కాబట్టి మీ ఊరి జట్టులో ముదిరిన రిసీవర్ పేరు ట్రేడ్ వార్తల్లోకి వచ్చినప్పుడు, వచ్చే పిక్ ఏ రౌండ్‌దో చూసే ముందు క్వార్టర్‌బ్యాక్ ఎవరో, అతని ఒప్పందం ఎన్నేళ్ళదో చూడండి. యాజమాన్యం ఏ దారిన పోతోందో అక్కడ తెలిసిపోతుంది. దారి లేనిచోట ఏ ధరా మంచి ధర కాదు.

టెనెసీ తర్వాత జూలియో టాంపాలో ఒక సీజన్, ఫిలడెల్ఫియాలో ఒక సీజన్ ఆడాడు. 2025లో ఆట నుంచి విరమించుకుంటున్నట్టు ప్రకటించాడు. 2029లో హాల్ ఆఫ్ ఫేమ్ ఎంపికకి అతని పేరు అర్హత పొందుతుంది. అట్లాంటా చుట్టుపక్కల పిల్లల్ని పెంచుతున్న తెలుగు తల్లిదండ్రులకి ఒక మనవి. ఆ పదకొండో నంబరు చొక్కా ఇప్పుడు మీ పిల్లలకి పొట్టిదైపోయి ఉంటుంది. పోనీ, 2016 అక్టోబర్ 2న కరోలినా మీద ఆడిన మ్యాచ్ వాళ్ళ పక్కన కూర్చుని చూడండి. ఆ రోజు జూలియో 12 క్యాచ్‌లతో 300 గజాలు సంపాదించాడు, ఫాల్కన్స్ 48-33తో గెలిచింది.