చుక్క ఆగిన క్షణము

కడపనుండి రాయచోటికి వచ్చు మార్గమున గువ్వలచెరువు కనుమ కలదు. నిండు బరువుతో ఒక పాత లారీ ఆ మలుపుల నెక్కుచున్నప్పుడు దాని ధ్వనిని చెవియొగ్గి వినుడు. ఇంజను చక్కగా నున్నచో ఒకే గంభీర స్వరముతో సాగును. లేనిచో సుత్తిదెబ్బలవలె టకటకలాడును. లేదా పొగ గ్రక్కుచు, బరువు నీడ్వలేక నడుమ నిలిచిపోవును. ఏటవాలుపై నిలిచిన లారీ వెనుక వచ్చువారి కెంతటి అపాయమో వేరుగ చెప్పనక్కరలేదు. ఈ జబ్బులకు కారణములు పెక్కు; అందొకటి వేళ తప్పుట. మెకానిక్కులు దీనిని టైమింగు అందురు.

పెట్రోలు ఇంజనులో ఇంధనమును విద్యుత్తు రవ్వ అంటించును. డీజిలు ఇంజనులో రవ్వయే లేదు. సైకిలు పంపు కొట్టునపుడు దాని యడుగు వేడెక్కుట మీరెరిగినదే గదా! సిలిండరులోని గాలి అంతకంటె మిక్కిలిగా నొక్కబడి, నిప్పువలె కాగును. దానిలోనికి డీజిలును తుంపరగా చిమ్మినంతనే తనంతట మండును. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలో నడిపి చూపిన యంత్రమునకు కీలక మీ వేడిమియే.

పిస్టను పైకొనకు చేరుటకు కొంచెము ముందే చిమ్ముట మొదలు కావలెను. ఇంధనము అంటుకొనుటకు సెకనులో వెయ్యవవంతైనను పట్టును. మరీ ముందైనచో మంట ఎదురువచ్చి, పైకెక్కుచున్న పిస్టనును మోదును. ఆలస్యమైనచో బలము పొగగొట్టము పాలగును. నేటి లారీలలో ఈ వేళను కంప్యూటరే నిర్ణయించుచున్నది. 1954లో టాటావారు దైమ్లర్ బెంజు సహకారముతో జంషెడ్‌పూరున లారీలు చేయ నారంభించిన నాటినుండి పలు దశాబ్దములు అది మనుష్యుని చేతి పనియే.

రాయచోటిలో ఒక షెడ్డున ఆ పనిని దగ్గరనుండి చూచితిని. మెకానిక్కు మొదటి సిలిండరుకు పోవు గొట్టమును విప్పి, పంపులోని కవాటమును, స్ప్రింగును తీసివేసి, అచట సన్నని వంపు గొట్టమును బిగించెను. చేతి పంపు నొక్కగా డీజిలు ధారగా కారెను. కుర్రవాడు ఫ్లైవీలును కడ్డీతో మెల్లగా త్రిప్పసాగెను. ధార సన్నగిల్లి చుక్కలాయెను. పిదప చుక్కలును ఆగెను. ఆగిన ఆ క్షణమే చిమ్ముట కారంభము. ఆ సమయమున చక్రముపై గీత సూచికకు ఎదురుగా నుండవలెను. కాని కొంచెము తప్పియున్నది. బోల్టులు వదులుచేసి, పంపును వెండ్రుకవాసి జరిపి, మరల చూచెను. కుర్రవాడు ఒకమారు మించి త్రిప్పగా, ఆ కొంచెమే వెనుకకు త్రిప్పనీయలేదు. చాల వెనుకకు పోయి తిరిగి ముందుకే రమ్మనెను. పండ్లచక్రముల నడుమనున్న సందు కొలతను తప్పించునట! కోణమును ఇంత శ్రద్ధగా కొలిచినవారిని తరగతిగదిలో నేనరుదుగా చూచితిని.

మూడుమార్లు గీత సూచిక యెదుట నిలిచినప్పుడే చుక్క ఆగెను. అప్పుడు గాని కవాటమును యథాస్థానమున నుంచి, బోల్టులు బిగించి, అతడు గుడ్డతో చేతులు తుడుచుకొనలేదు.